పసుపు పెట్టిన ప్లాను

నేను ఇంజినీరును కాను. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. అమలాపురంలో ఇరవై ఏళ్ళపాటు అందరూ నన్ను ఇంజినీరుగారనే పిలిచారు, నేనూ ఏనాడూ కాదనలేదు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, ఇళ్ళ ప్లాన్లు గీసే లైసెన్సు తెచ్చుకుని, గడియారస్తంభానికి కాస్త అవతల ఒక గది అద్దెకు తీసుకుని బల్ల వేసుకున్నాను. ఆ బల్ల మీద నేను గీసిన ప్రతి ఇంటికీ రెండేసి ప్లాన్లు ఉండేవి. ఒకటి ఆఫీసుకి, ఇంకొకటి మేస్త్రీకి.

ఆఫీసు ప్లాను ముచ్చటగా ఉండేది. ఇంటి చుట్టూ రూలు ప్రకారం వదలాల్సిన ఖాళీ, గాలీ వెలుతురూ వచ్చే కిటికీలు, ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒరుసుకోకుండా తప్పుకునేంత వెడల్పు మెట్లు, కింద బళ్ళు పెట్టుకునే చోటు, అన్నీ ఉండేవి. ఆఫీసువాళ్ళని అనడానికేమీ లేదు. నేనిచ్చిన కాయితం కడిగిన ముత్యంలా ఉండేది, దాని మీద సీలూ సంతకమూ పడేవి. మోసమంతా నాదీ, ఇల్లు కట్టుకునేవాళ్ళదీ. మేస్త్రీ ప్లానులో గోడలు సరిహద్దు రాళ్ళ దాకా జరిగిపోయేవి. మెట్లు రెండున్నర అడుగులకి చిక్కిపోయి ఇంటి బయట ఒక మూలకి చేరేవి. అంతస్తుకి ఒక్క ఇల్లు ఉండాల్సినచోట రెండు పోర్షన్లు వెలిసేవి.

తొంభైల్లో మా ఊళ్ళో అందరికీ కావలసింది ఆ పోర్షన్లే. రొయ్యల చెరువుల మీద నాలుగు రాళ్ళు వెనకేసినవాళ్ళూ, గల్ఫు వెళ్ళొచ్చినవాళ్ళూ పిల్లల చదువులకని పల్లెటూళ్ళ నుంచి అమలాపురం వచ్చి, మూడు నాలుగు సెంట్ల జాగా కొనుక్కుని, కింద తాముండి పైన అద్దెకివ్వాలని చూసేవారు. మా వీధి చివర ఒక పెద్దమనిషి మూడంతస్తులు కట్టించాడు. నేనే గీశాను. మెట్ల దగ్గరకొచ్చేసరికి ఆయన, "ఎందుకండీ అంత వెడల్పు, మెట్ల మీద కాపరం చేత్తామా ఏటండి," అన్నాడు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, తర్వాత వచ్చినవాళ్ళందరికీ నేనే చెప్పి నవ్వించేవాణ్ణి.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి రాష్ట్రం మొత్తానికి కలిపి ఒకటే రూల్సు వచ్చాయి. జాగా ఇంత ఉంటే పక్కల ఇంత వదలాలి, ఇంత ఎత్తుకి మించకూడదు, పైన కుటుంబాలు కాపరముంటే మెట్లు ఇంత ఉండాలి అని పట్టిక అచ్చేసి ఇచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. హైదరాబాదుకీ అమలాపురానికీ ఒకే కొలత ఏమిటి? ఇక్కడ మూరెడు తవ్వితే నీళ్ళు పడతాయి, సెంటు జాగా దొరకడమే గగనం. నాలుగు సెంట్లవాడు అటు మూడడుగులు, ఇటు మూడడుగులు వదిలేస్తే మిగిలేది పీచు తీసిన కొబ్బరికాయే కదా అని వచ్చినవాడికీ పోయినవాడికీ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఇచ్చి, యథాప్రకారం రెండు ప్లాన్లూ గీసేవాణ్ణి. రూల్సు గట్టిపడ్డకొద్దీ రెంటికీ మధ్య దూరం పెరిగింది, అంతే.

ఇక్కడ పసుపు సంగతి చెప్పాలి. రెండు ప్లాన్లూ చూడ్డానికి ఒక్కలాగే ఉండేవి, ఒకే సైజు, ఒకే రంగు గీతలు. మేస్త్రీ ప్లాను మీద 'ఇది మేస్త్రీది' అని రాసే ధైర్యం నాకు లేదు. రాస్తే అదే సాక్ష్యం. అందుకని మాకొక పద్ధతి ఉండేది. శంకుస్థాపన రోజున పూజలో ప్లాను పెట్టి నాలుగు మూలలా పసుపు రాసి బొట్టు పెడతారు. ఏది కడతామో దానికే కదా పూజ చేస్తాం. కాబట్టి పసుపున్నది మేస్త్రీ తీసుకునేవాడు, పసుపు లేనిది బీరువాలోకి పోయేది. ప్రతి పూజకీ నేను దగ్గరుండి, పంతులుగారి చేతికి నా చేత్తోనే సరైన కాయితం అందించేవాణ్ణి. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు.

అలాంటి రోజుల్లో ఒకావిడ వచ్చింది. కువైట్‌లో ఒకరింట్లో పదకొండేళ్ళుగా వంటా ఇంటిపనీ చేస్తోంది. భర్త కొబ్బరి దింపు తీసేవాడు. ముక్తేశ్వరం దగ్గర ఒక తోటలో చెట్టు మీద నుంచి పడి నడుం పోయింది, అప్పట్నుంచీ మంచంలోనే. అందుకే ఆవిడ వెళ్ళింది. వెళ్ళేటప్పటికి కూతురికి మూడేళ్ళు, ఇప్పుడు తొమ్మిదో తరగతి. మధ్యలో ఆ పిల్లని చూసింది నాలుగుసార్లు. ఇంట్లో ఇద్దర్నీ చూసుకుంటూ వచ్చిన అత్తగారు ఈమధ్యే పోయింది. ఇన్నాళ్ళ కష్టంతో రాజోలు వెళ్ళే రోడ్డు పక్కన నాలుగు సెంట్లు కొనుక్కుంది. ఆరు నెలల సెలవు మీద ఇల్లు కట్టడానికి వచ్చింది.

కుర్చీ చివర కూర్చుని ఆవిడ చెప్పిన మాట నాకు ఇప్పటికీ అలాగే వినిపిస్తుంది. "కింద మేం ఉంటామండి. పైన రెండంతస్తుల్లో నాలుగు పోర్షన్లు రావాలండి. నాలుగొస్తే ఆ అద్దెలతో ఆయన మందులూ, పిల్ల చదువూ, మా తిండీ గడిచిపోద్దండి. ఇంక నేను వెళ్ళనండి. రెండే ఐతే మాత్రం సెలవైపోగానే వెళ్ళిపోవాలండి."

"నాలుగెందుకు రావమ్మా, నేను తెప్పిస్తానుగా," అన్నాను. నా గొప్ప నాది.

తెప్పించాను కూడా. మేస్త్రీ ప్లానులో జాగా మొత్తం వాడేసి, మెట్లు బయటికి నెట్టేసి, నాలుగు వంటిళ్ళూ నాలుగు స్నానాల గదులూ ఇరికించాను. ఆఫీసు ప్లానులో రూలు ప్రకారం అంతస్తుకి ఒక ఇల్లు, లోపల వెడల్పు మెట్లు. అది పాసై వచ్చింది. రెండూ కలిపి చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఆవిడకిచ్చి, పూజకి నేనొస్తాను, అప్పటిదాకా విప్పొద్దని చెప్పాను. ఎందుకు విప్పొద్దో చెప్పలేదు. ఆ పసుపు సంగతి ఊళ్ళో ఇళ్ళు కట్టేవాళ్ళందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. పదకొండేళ్ళు ఊళ్ళో లేని మనిషికి ఎలా తెలుస్తుందన్న ఆలోచన నా బుర్రకి తట్టలేదు.

పూజకి రెండు రోజుల ముందు నాకు కామెర్లు వచ్చాయి. మామూలుగా రాలేదు, ప్రాణం మీదకొచ్చినంత పనైంది. మా ఆవిడ నన్ను కొత్తపేటలో వాళ్ళ పుట్టింటికి తీసుకుపోయి రెండు నెలలు చప్పిడి కూడు పెట్టి మంచం దిగనివ్వలేదు. పూజ నేను లేకుండానే జరిగిపోయింది. అక్కడేం జరిగిందో తర్వాత తెలిసింది. పంతులుగారు ప్లాను పెట్టండమ్మా అన్నారు. ఆవిడ చుట్ట విప్పింది. ఒకదాని మీద గుండ్రటి సీళ్ళున్నాయి, సంతకాలున్నాయి. ఇంకోదాని మీద ఏమీ లేవు. ఆవిడ సీళ్ళున్నదే కళ్ళకద్దుకుని పీట మీద పెట్టింది. ఆవిడ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. స్టాంపు లేని కాయితానికి పూజేమిటి?

కోలుకుని ఊరికి తిరిగొచ్చి, ఎండలో గొడుగేసుకుని నేను మొదటిసారి ఆ జాగా దగ్గరికి వెళ్ళేసరికి స్తంభాలు లేచి, మొదటి శ్లాబు వేసేసి ఉంది. దూరం నుంచే చూశాను. పక్కింటి గోడకీ ఈ ఇంటి స్తంభాలకీ మధ్య మనిషి దర్జాగా నడిచేంత ఖాళీ. రెండో పక్కా అంతే. శ్లాబులో మధ్యన మెట్ల కోసం పెద్ద చతురస్రం వదిలారు. నా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

మేస్త్రీది ముక్తేశ్వరం. మంచి పనివాడు, నా ఇళ్ళు చాలానే కట్టాడు. నన్ను చూసి ఎదురొచ్చాడు. "మీరు లేకపోయినా గీత జరగనివ్వలేదండి. అంగుళం తేడా రాకుండా దించేనండి."

"ఏ ప్లాను చూసి కట్టారండీ మీరు?"

"పసుపెట్టిందేనండి." జేబులోంచి తీసి చూపించాడు. నాలుగు మూలలా పసుపు, మధ్యలో సీలు.

"ఎప్పుడైనా ఇంత జాగా వదిలామా మనం? అనుమానం రాలేదా మీకు?"

"వచ్చిందండి. కొత్త రూల్సు గట్టిగా ఉన్నాయని మీరే అంటన్నారు కదండీ. ఈ ఇంటికి సరిగ్గా కట్టాలనుకున్నారేమో అనుకున్నానండి. పసుపెట్టేక ఇంక అడగడానికేటుందండి." అతని తప్పేమీ లేదు. నేను పెట్టిన పద్ధతే అది.

ఇంతలో ఆవిడ టీ పట్టుకొచ్చింది. మొహం కళకళలాడిపోతోంది. ఆ రెండు నెలలూ ఇసుక జల్లించడం దగ్గర్నుంచి శ్లాబు తడపడం దాకా పక్కనే ఉండి చూసుకుందట. "మీరొచ్చేరు, ఇంక నాకు దిగుల్లేదండి. పైన నాలుగు వంటిళ్ళూ ఎక్కడెక్కడొస్తాయో కొంచెం చూపించండి. పిల్లకి చూపిస్తాను," అంది. కూతురు స్కూలు బట్టల్లోనే పైనుంచి తొంగిచూస్తోంది.

నేను చూపించలేకపోయాను. టీ గ్లాసు పక్కన పెట్టి ఉన్నమాట చెప్పాను. అప్పటిదాకా ఆవిడకి రెండు ప్లాన్లలో రెండు వేరువేరు ఇళ్ళున్నాయనే తెలియదు. ఒకటి నకలు అనుకుందట. ఇటికల దొంతి మీద కూర్చుండిపోయింది. అరిచినా బావుండేది. పక్కనున్న ఖాళీ కేసి చూసి, "ఇది గాలికి వదిలేరనుకున్నానండి," అంది. "మరిప్పుడేటండి దారి?" అంది.

దారి నా దగ్గర సిద్ధంగానే ఉంది. అలాంటివాటికి నేను ఆరితేరినవాణ్ణి కదా. లోపలి మెట్లు తీసేద్దాం, ఆ చతురస్రం పూడ్చేస్తే ఒక గది వస్తుంది. మెట్లు బయట ఖాళీలోకి నెట్టేద్దాం, రెండున్నర అడుగులు చాలు. పై అంతస్తులకి శ్లాబు అటూ ఇటూ బయటికి జరిపేద్దాం. నాలుగు పోర్షన్లూ వస్తాయి. మేస్త్రీ కూడా తలూపాడు. ఆవిడ మొహంలోకి మళ్ళీ ప్రాణం వచ్చింది. పని వారం రోజుల్లో మొదలుపెడదామని అనుకుని లేచాం.

నాలుగో రోజు మధ్యాహ్నం, భోజనం చేసి నడుం వాల్చానో లేదో, వీధి చివర నుంచి కేకలు వినిపించాయి. పెద్దమనిషి ఇల్లే. పై అంతస్తులో అద్దెకుంటున్న అమ్మాయికి ఏడో నెల. ఫిట్స్ వచ్చి పడిపోయింది. భర్త ఊళ్ళో లేడు. ఆటో గుమ్మంలోకి వచ్చేసింది, ఆస్పత్రి పావుగంట దూరం కూడా లేదు. మడతమంచం మీద పడుకోబెట్టి నలుగురు దింపబోతే మొదటి మలుపులోనే మంచం ఇరుక్కుంది. అటూ కదలదు, ఇటూ కదలదు. మళ్ళీ పైకి లాక్కుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చీరలతో కట్టారు. పక్కపక్కన ఇద్దరు పట్టే చోటు లేదు. పైన ఒకడు, కింద నేను. మలుపులో మెట్లు కొబ్బరి చెక్కల్లా మూలకి సన్నగా ఉంటాయి, వెనక్కి నడుస్తూ కాలు ఆనించడానికి చోటు లేదు. ఆ మలుపు అలా గీసింది నేను. ఒక్కడుగు కలిసొస్తుందని గీశాను. ఆ పిల్ల తల నా భుజం మీద వాలి కొట్టుకుంటోంది, నా మోచేతులు రెండు గోడలకీ గీరుకుపోతున్నాయి. ఎంతసేపు పట్టిందో నేను గడియారం చూడలేదు. కింద ఆటో అతను ఇంజను రెండుసార్లు ఆపి మళ్ళీ వేశాడు.

మనిషి బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు. ఆలస్యం వల్లేనని డాక్టరుగారు అనలేదు. కాదని కూడా అనలేదు. నేను రెండుసార్లు అడిగాను.

ఆస్పత్రి వరండాలో పెద్దమనిషి నా పక్కనే నుంచుని, "టైము బాగోలేదండి," అన్నాడు.

"టైము కాదండీ, మెట్లు బాగోలేవు," అన్నాను. ఆయన నాకేసి వింతగా చూశాడు. నన్ను నేనే గట్టిగా తిట్టుకోవాలనిపించింది. మెట్ల మీద కాపరం చేస్తామా అని ఎంతమందిని నవ్వించానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకి కోనసీమ సంగతి ఏం తెలుసు అన్నాను. వాళ్ళకి కోనసీమ తెలియకపోవచ్చు, మంచం మీది మనిషి ఎంత పొడుగుంటుందో తెలుసు. అది నాకు తెలిసుండాల్సింది.

మర్నాడు పొద్దున్నే రాజోలు రోడ్డుకి వెళ్ళాను. శ్లాబులో చతురస్రం పూడ్చడానికి మేస్త్రీ అప్పటికే చువ్వలు దింపించి ఉన్నాడు. ఆవిడకి జరిగిందంతా చెప్పాను. "అమ్మా, ఆ బయట మెట్లు నేను గీయలేను. శ్లాబు బయటికి జరిపితే పక్క ఖాళీ చీకటి గుయ్యారమైపోతుంది, అదీ గీయలేను. కావాలంటే ఇంకొకరు గీస్తారు. ఊళ్ళో గీసేవాళ్ళకి కొదవలేదు. పేర్లు కూడా చెప్తాను."

"ఆ అమ్మాయి ఎలా ఉందండి?"

"మనిషికి భయం లేదన్నారు."

ఆవిడ తలెత్తి పైకి చూసింది. శ్లాబులో ఉన్న చతురస్రం లోంచి ఎండ కింద నేల మీద పడుతోంది. లోపల గదిలో మంచం మీది భర్త దగ్గుతున్నాడు. పక్కన వేసుకున్న పాకలో ఉండలేక, కింద గోడలు లేచిన ఒక గదిలోకి అప్పటికే చేరారు వాళ్ళు. "నేను పనిచేసే ఇంట్లో మెట్లు ఇంతకి రెండింతలండి," అంది. "రోజూ రెండుపూటలా కడుగుతాను. ఎందుకురా బాబూ వీళ్ళకి ఇంతింత మెట్లని తిట్టుకునేదాన్ని." తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "లోపలి మెట్లే కట్టెయ్యండి. పైన అద్దెకొచ్చేదీ ఎవరో కన్నపిల్లే కదండీ," అంది.

"ఆయ్," అన్నాడు మేస్త్రీ. మావైపు సరేనండి అనడానికి అదే మాట. చువ్వలు పక్కకి తీయించాడు.

మెట్లు నిజంగానే బాగా వచ్చాయి. ఆఫీసు కాయితానికీ కట్టిన ఇంటికీ తేడా లేకుండా నేను చూసిన మొదటి ఇల్లు అదే. పై రెండిళ్ళలోకీ పని పూర్తవకముందే అద్దెకి మనుషులు దొరికారు. చుట్టూ ఖాళీ ఉంది, గదుల్లో పగలు దీపం వేసుకోనక్కర్లేదు అని మెచ్చుకున్నారు. మూడంతస్తుల పునాదికీ ఇనుముకీ ఆవిడ డబ్బంతా ముందే పోసేసింది కాబట్టి పైన కట్టక తప్పలేదు, కానీ రెండు రెండే. వాటి మీద వచ్చేది మందులకి పోగా చేతిలో మిగిలేది లేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నేను మాత్రం ఏదో ఒకటి అవుతుందిలే అమ్మా అంటూ తిరిగాను. ఏ ఒకటీ అవలేదు. సెలవు ఇంక మూడు వారాలే మిగిలింది.

అప్పట్నుంచీ నేను రెండో ప్లాను గీయడం మానేశాను. ఆయన దగ్గరికెళ్తే ఇల్లు చిక్కిపోద్దండి అని ఊళ్ళో పేరొచ్చింది. వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. తగ్గితే తగ్గారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే నా పని, ఆ సంగతి నాకు తెలుసు.

ఆవిడ వెళ్ళే రోజు సాయంత్రం బస్‌స్టాండుకి వెళ్ళాను. హైదరాబాదు బస్సు. అక్కడ్నుంచి విమానం. మళ్ళీ సెలవు రెండేళ్ళకి. చేతిలో ఒక సంచీ, పెట్టె బస్సు మీదకి ఎక్కించేశారు. కూతురు నీళ్ళ సీసా పట్టుకుని తల్లి కొంగు వేలికి చుట్టుకుని నిలబడింది. ఆరు నెలల్లో అలవాటైన మనిషి కదా. ఏడవడం లేదు, కొంగు మాత్రం వదలడం లేదు. ఇంట్లో నాన్నని చూసుకోవాల్సింది ఇంక ఆ పిల్లే.

నేను క్షమాపణ చెప్పాలని నాలుగు మాటలు కూడబలుక్కుని వెళ్ళాను. ఆ పసుపు దగ్గర పొరపాటు జరిగింది, నేను లేకపోవడం వల్ల ఇలా అయింది అని మొదలుపెట్టాను. ఆవిడ ఆపింది.

"పసుపుదేటుందండి. ఆ పొరపాటు వల్ల ఇల్లు మంచిగానే వచ్చింది కదండీ." గొంతులో కోపం లేదు. నెమ్మదిగా, విడమరిచి చెబుతున్నట్టు అంది. "మొట్టమొదట నేను మీ గదికొచ్చి కూర్చున్నప్పుడు, నాలుగు రావమ్మా, ఈ జాగాలో రెండే వస్తాయి అని మీరు ఒక్క మాట అనుంటే, నేను అసలు పైన కట్టేదాన్నే కాదండి. కింద చిన్న ఇల్లొకటి వేసుకుని, మిగిలినదాంతో రోడ్డు మీదకి ఒక టిఫిను కొట్టు పెట్టుకునేదాన్నండి. నాకు వంట బాగా వచ్చండి. పిల్ల దగ్గరే ఉండేదాన్ని."

కండక్టరు బస్సెక్కమన్నాడు. ఆవిడ కూతురి వేలి నుంచి కొంగు విప్పుకుంది.

"ఆయ్ అమ్మా," అన్నాను నేను.